విడుదలైన బానిస ఏడాదిలోపు రాష్ట్రం వదిలిపోవాలా? అంతర్యుద్ధానికి ముందు అమెరికా దక్షిణాదిలో ‘ఫ్రీ’ నల్లజాతివాళ్లకి చట్టం ఏం ఇచ్చింది?

జేమ్స్ నది ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర ఉంటాం. గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తే పోయిన నెల వాళ్లని అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోకి తీసుకెళ్లాను. ఇల్లు, తోటలు చూడటం ఒక ఎత్తు, అక్కడి బానిసల గురించి గైడ్ చెప్పింది ఇంకో ఎత్తు. జెఫర్సన్ 1826లో చనిపోయాడు కదా, వీలునామాలో ఐదుగురిని విడుదల చేశాడట, అందులో జో ఫాసెట్ అనే కమ్మరి ఒకడు. పోనీలే మంచి పని చేశాడు అనుకునేలోపే ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఆ ఐదుగురినీ వర్జీనియాలోనే ఉండనివ్వమని జెఫర్సన్ అదే వీలునామాలో శాసనసభని కోరాల్సి వచ్చిందట, ఎందుకంటే విడుదలైన వాళ్లు పన్నెండు నెలల్లో రాష్ట్రం దాటిపోకపోతే మళ్లీ పట్టుకుని అమ్మేయొచ్చని అప్పటి చట్టం అట.

మా నాన్న గుంటూరులో కోర్టు గుమాస్తాగా చేసి రిటైర్ అయ్యారు. ఆయన అక్కడే ఆగిపోయి, "వదిలేసింది యజమాని, మధ్యలో ప్రభుత్వానికి ఏం పని? మళ్లీ అమ్మితే ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది?" అని అడిగారు. నాకు తెలియలేదు. టూర్‌లో వెనక జనం ఉన్నారు, గైడ్‌ని నిలబెట్టి అడగలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా ఆయన రెండు మూడుసార్లు అదే అడిగారు, నాకూ మనసులో ఉండిపోయింది. బానిసలు కారు సరే, మరి పౌరులా? ఓటు ఉందా? ఆస్తి కొనుక్కోవచ్చా? కోర్టుకి వెళ్లొచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, నాన్నకి చదివి వినిపిస్తాను.

పాత దస్తావేజులు

ముందు నాన్నగారి ప్రశ్నకి జవాబు. ఆ చట్టం 1806లోది. గడువు దాటినా వెళ్లనివాళ్లని పట్టుకుని అమ్మే అధికారం ‘ఓవర్‌సీయర్స్ ఆఫ్ ది పూర్’ అనేవాళ్లకి ఇచ్చారు, అంటే కౌంటీలో (మన జిల్లా లాంటిది) పేదల బాగోగులు చూసే అధికారులన్నమాట. అమ్మగా వచ్చిన డబ్బు ఆ పేదల నిధికే వెళ్లాలి. మనిషిని అమ్మి దానధర్మాల ఖాతాలో జమ చేయడం! ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ రోజంతా వేరే పని మీదకి మనసు పోలేదు.

ఇక ప్రభుత్వానికి ఏం పని అంటే, ఒకప్పుడు నిజంగానే ఏ పనీ లేదు. 1782లో వర్జీనియా ఒక చట్టం చేసి, యజమాని వీలునామా ద్వారా గానీ పత్రం రాసి గానీ బానిసని విడుదల చేయొచ్చంది. స్వాతంత్ర్య పోరాటం వేడి ఇంకా చల్లారని రోజులవి. చాలామంది విడుదలయ్యారు. రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి 1791లో ఒకే పత్రంతో 450 మందికి పైగా విడుదలకి ఏర్పాటు చేశాడు. అది చూసి మిగతా భూస్వాములకి భయం పట్టుకుంది. కళ్లెదురుగా నల్లజాతి మనిషి కూలి సంపాదించుకుని తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటే పక్క తోటలో బానిసకి ఏమనిపిస్తుంది? 1800లో రిచ్‌మండ్ దగ్గర గేబ్రియేల్ అనే కమ్మరి తిరుగుబాటుకి ఏర్పాట్లు చేసి దొరికిపోయాక ఆ భయం ఇంకా ముదిరింది. అందుకే 1806లో విడుదలని పూర్తిగా ఆపకుండా దానికి ఈ షరతు తగిలించారు, వదిలితే వదులు, కానీ ఇక్కడ మాత్రం ఉండకూడదు అని.

వెళ్లడం ఎందుకు కష్టమో ఒకసారి ఆలోచించండి. భార్య ఇంకా బానిసగా ఉంటుంది. 1662 నుంచి వర్జీనియా చట్టం ప్రకారం బిడ్డ హోదా తల్లిని బట్టి, తండ్రి ఎవరైనా సరే. ఇంగ్లండ్‌లో ఏది వచ్చినా తండ్రి వైపు నుంచే, ఇక్కడ కావాలనే తిరగేశారు. కాబట్టి తండ్రి ఫ్రీ అయినా తల్లి బానిస అయితే పిల్లలందరూ ఆమె యజమాని ఆస్తే. ఫ్రీ అయిన మనిషి ముందు రెండే దారులు: పెళ్లాం పిల్లల్ని వదిలేసి ఒంటరిగా రాష్ట్రం దాటాలి, లేదంటే ఇక్కడే ఉండనివ్వండని శాసనసభకి అర్జీ పెట్టుకోవాలి. అలాంటి అర్జీలు కట్టలు కట్టలు ఉన్నాయి. ఊళ్లోని తెల్లవాళ్లు ‘ఇతను నెమ్మదస్తుడు, పనిమంతుడు, మాకు అవసరం’ అని కింద సంతకాలు పెట్టేవాళ్లు. 1837 నుంచి ఆ అనుమతి కౌంటీ కోర్టులే ఇవ్వొచ్చని మార్చారు.

ఉండనిచ్చినా కాగితం లేకుండా కాలు బయట పెట్టలేరు. 1793 చట్టం ప్రకారం ఊళ్లలో ఉండేవాళ్లు ఏటా, పల్లెల్లో వాళ్లు మూడేళ్లకోసారి కోర్టు క్లర్కు దగ్గర పేరు రాయించుకోవాలి, నకలుకి 25 సెంట్లు. రిజిస్టర్‌లో వయసు, ఎత్తు, రంగు, ఒంటి మీద మచ్చలు, ఎవరు ఎప్పుడు విడుదల చేశారు లేక పుట్టుకతోనే ఫ్రీనా, అన్నీ రాసేవాళ్లు. ఎడమ చేతి మీద కాలిన మచ్చ, కుడి కనుబొమ్మ పైన గాటు, ఇలా ఉంటాయి ఆ పుటలు. మన పాస్‌పోర్టులో పుట్టుమచ్చలు రాసినట్టే కనబడతాయి గానీ, ఆ కాగితం జేబులో లేకపోతే పారిపోయిన బానిస అనుకుని జైల్లో పెట్టేవాళ్లు, జైలు ఖర్చులు కట్టుకోలేకపోతే ఆ బాకీ కింద కూలికి ఇచ్చేసేవాళ్లు, అమ్మేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ ‘అనుకోవడం’ గురించి ఒక కేసు ఉంది, ఇది నాన్నగారికి తప్పకుండా చెప్పండి. హడ్జిన్స్ వర్సెస్ రైట్, అది కూడా 1806లోనే తీర్పు అయింది. రైట్ అనే ఇంటిపేరున్న కుటుంబం తాము నేటివ్ ఇండియన్ (అమెరికా ఆదివాసీ) స్త్రీ సంతతి కాబట్టి బానిసలం కామని దావా వేసింది. కింది కోర్టులో జార్జ్ విత్ అనే జడ్జి, ఈయన జెఫర్సన్‌కి న్యాయశాస్త్రం చెప్పిన గురువు, ప్రతి మనిషీ పుట్టుకతో స్వేచ్ఛాపరుడే కాబట్టి కాదని రుజువు చేయాల్సింది యజమానే అన్నాడు. పై కోర్టు ఆ కుటుంబాన్ని విడిచిపెట్టమనే చెప్పింది, కానీ విత్ చెప్పిన కారణాన్ని మాత్రం కొట్టేసింది. చూడటానికి తెల్లగానో నేటివ్ ఇండియన్ లాగానో ఉంటే ఫ్రీ అనుకోవాలి, ఆఫ్రికన్ లాగా ఉంటే బానిస అనుకోవాలి, కాదని నిరూపించుకునే భారం ఆ మనిషిదే అని తేల్చింది. మిగతా చట్టాలన్నిటికీ వేరు ఈ ఒక్క మాటలో ఉందని నా అభిప్రాయం.

వరంగల్ వకీలు

పైన రాసినవారు బాగా చెప్పారు. నేను కోర్టుల సంగతి రాస్తాను, నా వృత్తి కాబట్టి నాకు ఎక్కువ బాధ కలిగించేది అక్కడే.

ఆస్తి హక్కు చాలా రాష్ట్రాల్లో ఉంది. భూమి కొనొచ్చు, అమ్మొచ్చు, ఒప్పందం రాసుకోవచ్చు, బాకీ రాకపోతే దావా వేయొచ్చు. కాగితం మీద చూస్తే పర్వాలేదు అనిపిస్తుంది. కానీ లూసియానా లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప తెల్లవాడికి వ్యతిరేకంగా నల్లజాతి మనిషి సాక్ష్యం చెల్లదు. సాక్ష్యం చెల్లని మనిషికి ఎన్ని హక్కులుంటే ఏం లాభం? నా పొలంలోకి వచ్చి పంట కోసుకుపోయాడని చెప్పడానికి కూడా ఇంకో తెల్లవాడు దొరకాలి.

మిసిసిపీలో నాచెజ్ అనే ఊళ్లో విలియం జాన్సన్ అని ఒక మంగలి ఉండేవాడు. 1820లో పదకొండేళ్ల పిల్లాడిగా విడుదలయ్యాడు, దానికి శాసనసభ ఆమోదం కావాల్సి వచ్చింది. పెద్దయ్యాక షాపులు పెట్టాడు, ఇటుకల ఇల్లు కట్టాడు, పొలం కొన్నాడు, ఊళ్లో తెల్ల పెద్దమనుషులకి అప్పులు కూడా ఇచ్చేవాడు. 1835 నుంచి పదహారేళ్లు డైరీ రాశాడు. 1841లో ఆ రాష్ట్రంలో ఫ్రీ నల్లజాతివాళ్లని ఏరేసి వెళ్లగొట్టే గొడవ నడిచినప్పుడు తోటివాళ్లు సంతకాల కోసం ఎలా పరుగులు పెట్టారో అందులో ఉంటుంది. ఇతనికి పొలం హద్దు దగ్గర బేలర్ విన్ అనే పక్క రైతుతో తగాదా వచ్చింది. 1851 జూన్‌లో గుర్రం మీద ఇంటికి వస్తుంటే కాల్చారు. వెంట అతని కొడుకు, ఇంకో ఇద్దరు ఉన్నారు. అందరూ నల్లజాతివాళ్లే. కాల్చింది విన్ అని జాన్సన్ చనిపోయేముందు చెప్పాడు. ఊరు ఊరంతా విన్‌నే అనుమానించింది.

ఇక కేసు ఎక్కడ చిక్కుకుందో చూడండి. విన్ తాను తెల్లవాడినని, ఉన్నదల్లా నేటివ్ ఇండియన్ రక్తమేనని వాదించాడు. విన్ ‘తెల్లవాడు’ అయితే కళ్లతో చూసిన వాళ్ల సాక్ష్యం చెల్లదు, ‘నల్లవాడు’ అయితే చెల్లుతుంది. దాంతో హత్య ఎవరు చేశారన్నది పక్కకి పోయి, చంపినవాడి తాత ముత్తాతలు వర్జీనియాలో ఏ రంగువాళ్లన్నది తేల్చడం మీదే ప్రాసిక్యూషన్ తిప్పలు పడింది. తేల్చలేకపోయింది. రెండేళ్లకి విన్ బయటికొచ్చాడు. నాచెజ్‌లో జాన్సన్ ఇల్లు ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల చేతిలో ఉంది, అటు వెళ్తే చూడండి.

పౌరులా కాదా అన్నదానికి ఒకే జవాబు లేదు. నార్త్ కరొలైనాలో ఫ్రీ నల్లజాతి మగవాళ్లు 1835 దాకా ఓటు వేశారు, టెనెస్సీలో 1834 దాకా. చాలామందికి ఇది తెలియదు. అంటే హక్కులు లేనిచోట నెమ్మదిగా రావడం కాదు, ఉన్నవి ఒక్కొక్కటే లాక్కున్నారు. 1838లో నార్త్ కరొలైనా సుప్రీంకోర్టులో మాన్యుయెల్ కేసులో జడ్జి విలియం గాస్టన్, ఈ రాష్ట్రంలో పుట్టి స్వేచ్ఛ పొందినవాళ్లు ఈ రాష్ట్ర పౌరులే అని స్పష్టంగా రాశాడు. సంతోషపడేలోపే తర్వాతి పేజీ వస్తుంది. మాన్యుయెల్ 20 డాలర్ల జరిమానా కట్టలేక కోర్టుకొచ్చాడు. జరిమానా కట్టలేని ఫ్రీ నల్లజాతి మనిషిని, ఆ డబ్బు కట్టినవాడికి కొన్నేళ్లపాటు కూలికి ఇచ్చేయొచ్చని చట్టం. తెల్లవాడికి ఆ శిక్ష లేదు. అయినా ఆ చట్టం చెల్లుతుందనే గాస్టన్ తీర్పు ఇచ్చాడు. ఇక 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఛీఫ్ జస్టిస్ టేనీ, ఆఫ్రికన్ సంతతివాళ్లు బానిసలైనా కాకపోయినా అమెరికా పౌరులు కాలేరని తేల్చేశాడు.

తూర్పుగాలి

నాకు ఒక సందేహం. తప్పుగా అనుకోకండి. ఈ ఫ్రీ నల్లజాతివాళ్లలో కొందరికి సొంతంగా బానిసలు ఉండేవారని చదివాను, మీరు రాసిన జాన్సన్‌కి కూడా ఉన్నారు కదా? సౌత్ కరొలైనాలో విలియం ఎలిసన్ అని ఒకతనికి 1860లో 60 మందికి పైనే ఉన్నారట. అంతమందిని ఉంచుకోగలిగిన మనిషికి చట్టం అంత కఠినంగా ఉన్నట్టా? డబ్బుంటే అన్నీ జరిగిపోయేవేమో అనిపిస్తోంది.

పాత దస్తావేజులు

తప్పు ప్రశ్న కాదండీ, అడగాల్సిందే. జాన్సన్‌కి బానిసలు ఉన్నారు, నిజం. ఎలిసన్‌కి 63 మంది, అదీ నిజం. అతను పత్తి గింజలు తీసే జిన్ యంత్రాలు తయారుచేసేవాడు, 1816లో సొంత డబ్బుతో తనని తాను కొనుక్కున్నాడు, తర్వాత భార్యనీ కూతురినీ విడిపించుకున్నాడు, ఆ తర్వాత లాభం కోసం ఇతరుల్ని కొన్నాడు. దాన్ని వెనకేసుకు రావాల్సిన పని లేదు.

కానీ అదే ఎలిసన్ జీవితంలోనే మీకు జవాబు ఉంది. అతనికి మరియా అని ఇంకో కూతురు, వేరే తల్లి బిడ్డ. ఆమెనీ కొన్నాడు. ఈలోపు 1820లో సౌత్ కరొలైనా, శాసనసభ ప్రత్యేక చట్టం చేస్తే తప్ప ఏ యజమానీ ఎవరినీ విడుదల చేయకూడదని చట్టం తెచ్చింది. తండ్రి చేతిలో కూతురు ఉంది, వదలడానికి మాత్రం వీల్లేదు. 1830లో ఒక తెల్ల స్నేహితుడికి ఒక డాలర్‌కి కాగితం మీద అమ్మేశాడు, ఆమె మాతోనే ఉంటుంది, వీలైనప్పుడు విడుదల చేయాలి అనే ఒప్పందం మీద. అంటే ఆ ఊళ్లో అందరికంటే ధనవంతుడైన నల్లజాతి మనిషి తన కూతురి స్వేచ్ఛని ఒక తెల్లవాడి నిజాయితీ మీద వదిలేయాల్సి వచ్చింది. ఆ రాష్ట్రంలో 1822 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రతి ఫ్రీ నల్లజాతి మగవాడికీ ఒక తెల్ల గార్డియన్ ఉండి తీరాలి. రాష్ట్రం దాటి ఒకసారి వెళ్తే తిరిగి రాకూడదు. ఇదంతా అదే ఏడాది చార్ల్‌స్టన్‌లో డెన్మార్క్ వీసీ తిరుగుబాటు పన్నాడని ఉరితీశాక వచ్చింది. వీసీ లాటరీ డబ్బుతో స్వేచ్ఛ కొనుక్కున్న వడ్రంగి, అందుకే కోపమంతా ఫ్రీ వాళ్ల మీదకి మళ్లింది.

ఇంకో మాట. లెక్కల్లో ‘నల్లజాతి యజమాని’ అని కనబడేవాళ్లలో చాలామంది సొంత భార్యాబిడ్డల్ని కొనుక్కున్నవాళ్లే. విడుదల చేస్తే రాష్ట్రం వదలాలి, కాబట్టి కాగితం మీద బానిసగానే ఉంచుకునేవాళ్లు. భర్త అప్పులపాలైతే మాత్రం అప్పులవాళ్లు భార్యని వేలం వేయించొచ్చు. వర్జీనియా అయితే 1832లో, సొంత కుటుంబంలో దగ్గరివాళ్లని తప్ప ఇంకెవరినీ ఫ్రీ నల్లజాతివాళ్లు కొనకూడదని కూడా రాసేసింది.

గోదారి చెరుకు

లూసియానా గురించి వివరంగా ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. అక్కడ ఫ్రెంచి, స్పానిష్ పాలన నుంచి వచ్చిన పద్ధతులు కొంత మిగిలాయి, న్యూ ఆర్లియన్స్‌లో 1860 నాటికి పది వేలకి పైగా ఫ్రీ వాళ్లు ఉన్నారు. తెల్లవాళ్ల మీద కూడా కోర్టులో సాక్ష్యం చెప్పగలిగేవాళ్లు. ఇళ్లు, షాపులు, స్థలాలు బాగానే ఉండేవి. 1815లో ఇంగ్లీషు సైన్యం మీదకొస్తే అమెరికా జనరల్ ఆండ్రూ జాక్సన్ కింద యుద్ధం కూడా చేశారు. ఓటు మాత్రం లేదు. 1808 నుంచి ప్రతి దస్తావేజులో పేరు పక్కన ‘ఫ్రీ మ్యాన్ ఆఫ్ కలర్’ అని రాయించాల్సిందే, తెల్లవాళ్లతో పెళ్లి చెల్లదు.

నేను కెమికల్ ఇంజనీర్‌ని, చెరుకు ఫ్యాక్టరీలో పనిచేశాను. చెరుకు రసం మరిగించే మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపొరేటర్ మన తణుకు వైపు వాళ్లకి కూడా కొత్త కాదు. ఒక పాత్రలోంచి వచ్చే ఆవిరితోనే తర్వాతి పాత్రని మరిగిస్తారు. దాన్ని 1840ల్లో పేటెంట్ చేసిన నార్బర్ట్ రిల్యూ న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన ‘ఫ్రీ మ్యాన్ ఆఫ్ కలర్’. పారిస్‌లో చదువుకున్నాడు. తోటల యజమానులు అతని యంత్రాలు పెట్టుకుని లాభపడ్డారు. చివరికి అతను ఫ్రాన్స్ వెళ్లిపోయి అక్కడే చనిపోయాడు. ఇన్నేళ్లు ఆ యంత్రం పక్కన నిలబడి కూడా నాకు ఆ పేరు తెలియదు, మాకు ఎవరూ చెప్పలేదు.

అక్కడ కూడా చివర్లో తలుపులు మూసేశారు. 1857లో లూసియానా బానిసల విడుదలనే పూర్తిగా నిషేధించింది.

వరంగల్ వకీలు

అవును, ఆ చివరి పదేళ్లు మరీ దారుణం. ఆర్కన్సా 1859లో చట్టం చేసి, 1860 జనవరి 1 లోపు ఫ్రీ నల్లజాతివాళ్లందరూ వెళ్లిపోవాలి, లేదా బానిసలైపోవాలి అంది. ఆ ఏడాది జనాభా లెక్కల్లో రాష్ట్రం మొత్తం మీద మిగిలింది 144 మంది. వర్జీనియాలో 1856 నుంచి ‘ఇష్టపూర్వకంగా’ యజమానిని ఎంచుకుని బానిస కావడానికి దరఖాస్తు పెట్టుకునే పద్ధతి కూడా వచ్చింది. భార్యాబిడ్డల్ని వదిలి వెళ్లలేక అలా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. దాన్ని ఇష్టం అని ఏ నోటితో అన్నారో.

ఇంతా చేసి 1860లో బానిస రాష్ట్రాల్లో ఫ్రీ నల్లజాతివాళ్లు 2 లక్షల 60 వేలకి పైనే ఉన్నారు, ఉత్తరాదిలో ఉన్నవాళ్ల కంటే ఎక్కువ. ఒక్క మేరీలాండ్‌లోనే దాదాపు 84 వేలు. ఎందుకు వెళ్లలేదు అని అడిగేవాళ్లకి, అమ్మానాన్నల సమాధులు, పెళ్లాం, చర్చి, చేతిలో ఉన్న పని అన్నీ అక్కడే ఉన్నాయి అన్నదే జవాబు.

జేమ్స్ నది ఒడ్డు

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి భోజనాలయ్యాక మొత్తం నాన్నకి చదివాను. పేదల నిధి దగ్గర ఒకసారి ఆపి మళ్లీ చదవమన్నారు. సాక్ష్యం సంగతి వచ్చినప్పుడు, "అయితే కోర్టు మెట్లెక్కొచ్చు గానీ బోనెక్కకూడదన్నమాట" అన్నారు.

జో ఫాసెట్ సంగతి కూడా చూశాను, మీతో చెప్పాలి. జెఫర్సన్ అతన్ని విడుదల చేశాడు గానీ భార్య ఈడిత్‌నీ పిల్లల్నీ చేయలేదు. 1827 జనవరిలో మాంటిచెల్లోలో జరిగిన వేలంలో వాళ్లని వేరే వేరే వాళ్లకి అమ్మేశారు. జో కొలిమి పని చేసుకుంటూ, బంధువుల సాయంతో ఒక్కొక్కరినీ కొన్నాడు. 1837లో భార్యనీ కొందరు పిల్లల్నీ మనవళ్లనీ విడుదల చేస్తూ తనే యజమానిగా సంతకం పెట్టాడు. పాత దస్తావేజులు గారు రాసింది చదివాకే ఆ కాగితం విలువ నాకు అర్థమైంది. తర్వాత ఒహాయో వెళ్లి సిన్సినాటీలో స్థిరపడ్డారు. పీటర్ అనే కొడుకుని మాత్రం తీసుకెళ్లలేకపోయారు, వేలం నాటికి వాడికి పదకొండేళ్లు, కొన్నవాడు తిరిగి అమ్మనన్నాడు. దాదాపు 1850 దాకా ఆ పిల్లాడు ఇక్కడే ఉండిపోయాడు. తర్వాత బయటపడి సిన్సినాటీలో పాస్టర్ అయ్యాడు, 1900లో ముసలితనంలో మళ్లీ మాంటిచెల్లో చూసిపోయాడట.

ఇంకొక్క ప్రశ్న. ఆ కౌంటీ రిజిస్టర్లు మామూలు మనుషులు చూడొచ్చా? నాన్నకి జీవితమంతా రిజిస్టర్లతోనే గడిచింది, వాళ్ల క్లర్కులు ఎలా రాశారో చూడాలని ఉందంటున్నారు. ఆయన తిరుగు ప్రయాణానికి ఇంకా మూడు వారాలు ఉంది.

పాత దస్తావేజులు

తప్పకుండా చూడొచ్చు, మీకు దగ్గరే. రిచ్‌మండ్‌లో లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో చాలా కౌంటీల రిజిస్టర్లు, శాసనసభకి పెట్టిన అర్జీలు ఉన్నాయి, వాటిలో చాలావాటిని ‘వర్జీనియా అన్‌టోల్డ్’ అనే పేరుతో ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. ముందు అక్కడ వెతికి, ఏ కౌంటీ, ఏ ఏడాది కావాలో రాసుకుని వెళ్తే మంచిది. చేతిరాత చదవడం మొదట్లో కష్టంగా ఉంటుంది, కానీ నాన్నగారికి అలవాటే కదా, పది నిమిషాల్లో పట్టేస్తారు.